చీనీ (బత్తాయి) తోట వాడిపోతోంది, పక్క చేను ఆయన వెయ్యి అడుగుల బోరు వేయిస్తున్నాడు. మేమూ వేయాలా?

ముదిగుబ్బ_చీనీ
మాది ధర్మవరం, ముదిగుబ్బ మధ్య ఒక చిన్న ఊరు. నాలుగెకరాల చీనీ తోట, కాపు మీదున్న చెట్లు. ఉన్న బోరు ఆగి ఆగి పోస్తోంది. కాసేపు నీళ్లు, కాసేపు గాలి. పక్క చేను ఆయన మా గట్టుకు ఆనుకునే వెయ్యి అడుగులకు బోరు బండి మాట్లాడుకున్నాడు. మా నాయన "వాడు వేసేలోపే మనం వేయాల, లేకుంటే ఉన్న చుక్క కూడా వాడి మోటరే లాగేస్తుంది" అంటున్నాడు. అప్పు కూడా మాట్లాడిపెట్టుకున్నాడు. నాకు ఒకటే టెన్షన్. ఊర్లో లోతుకు పోయినవాళ్లలో చాలామందికి దుమ్మే వచ్చింది. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు తెచ్చే హంద్రీ-నీవా కాలువ మాకు దూరమేమీ కాదు, కానీ మా చెరువుకు ఆ నీళ్లు రావు. తోటను ఎట్లా నిలబెట్టుకోవాలి? "బోరు వద్దు" అని ఒక్క ముక్క చెప్పి పోవద్దండి, ఆకులు మధ్యాహ్నానికే దొప్పల్లాగా ముడుచుకుంటున్నాయి.

బోరుబండి_పాతమనిషి
చాలా ఏళ్లు తమిళనాడు తిరుచెంగోడు బోరు బండ్ల మీద పనిచేశాను. మీ వైపు కూడా తిరిగాను. మీది గట్టి రాయి. పైన మెత్తబడిన పొర, దాని కింద బీటలు, ఆ కింద ఉత్త బండ. 300 అడుగులు దాటాక కొత్త బీట తగిలితే అది అదృష్టం కిందే లెక్క. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, ఆ సంగతి బండి మాట్లాడేటప్పుడు ఎవరూ నొక్కి చెప్పరు. రేపు నీళ్లు పడినా అంత లోతు నుంచి ఎత్తాలంటే పెద్ద మోటరు, కేబులు, పైపులు కావాలి. బోరు ఖర్చుకు సమానంగా ఇంకో ఖర్చు. అదంతా కలిపి నాయనకు చెప్పు తమ్ముడూ.

సీమ_టీచరు
నీళ్లు పడే పాయింటు ఎవరు చూపెట్టారు? కొబ్బరికాయతోనా, వేపపుల్లతోనా?

ముదిగుబ్బ_చీనీ
కొబ్బరికాయ సార్. అరచేతిలో నిలువుగా లేచి నిలబడిందంట.

సీమ_టీచరు
మా ఊర్లో కూడా లేచి నిలబడుతుంది. ఫీజు తీసుకున్నాక పడుకుంటుంది.

భూగర్భజలం_రిటైర్డ్
ఉద్యోగమంతా రాయలసీమలో బావుల నీటిమట్టాలు కొలవడంతోనే గడిచింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పాతమనిషి గారు చెప్పింది నిజం. గ్రానైటులో నీళ్లు నిల్వ ఉండేది ప్రధానంగా పైనున్న మెత్తటి పొరలో. బీటలు ఆ నీళ్లను మోసుకొచ్చే దారులు మాత్రమే. వెయ్యి అడుగుల బోరు కొత్త నీళ్లను పుట్టించదు, పై పొరలో ఊరిన అవే నీళ్లను ఇంకో దారిలో కిందికి దింపుకుంటుంది. పక్క చేను బోరూ మీ బోరూ ఒకే గంగాళంలో ముంచే రెండు చెంబులు. ఆయన చెంబు పెద్దదైతే మీరు ఇంకా పెద్ద చెంబు తెస్తారు. గంగాళం మాత్రం పెరగదు.

ఇప్పుడు లెక్క. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 4,047 లీటర్లు. మీ జిల్లాలో ఏడాది సగటు వాన 550 మి.మీ. చుట్టుపక్కల. అందులో పదో వంతు భూమిలోకి దిగిందనుకుందాం, ఇలాంటి రాతి నేలలో అది తక్కువేమీ కాదు. అంటే ఎకరాకు 2 లక్షల 20 వేల లీటర్లు. చీనీ ఎకరాకు 110 చెట్లు, ఎండాకాలం చెట్టుకు రోజుకు 80 లీటర్లు డ్రిప్పులో ఇచ్చినా రోజుకు 8,800 లీటర్లు. నాలుగు నెలలకు పదిన్నర లక్షలు. అంటే మీ ఒక్క ఎకరా తోట ఎండాకాలం గట్టెక్కడానికే దాదాపు అయిదెకరాల మీద కురిసిన వాన కావాలి. నాలుగెకరాలకు పంతొమ్మిది ఎకరాలు. మీ ఊర్లో తోటలెన్ని, వాటి చుట్టూ ఖాళీ చేలెన్ని? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా బోరు లోతు గురించి మాట్లాడి లాభం లేదు.

మరువ_పారితే
వరికి కూడా ఈ లెక్క వేయండి సార్.

భూగర్భజలం_రిటైర్డ్
వరికి పంటకాలం మొత్తంలో 1,200 మి.మీ. పెడతారనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు. కొంత మళ్లీ భూమిలోకే దిగుతుంది, అది తీసేసినా పదిహేను, ఇరవై ఎకరాల వాన ఒక్క ఎకరా మడిలోకి పోయినట్టు. బోరు కింద వరి వేసే ఊర్లో చీనీ బతకడం కష్టం.

హగరి_ఒడ్డు
ప్రతిసారీ లెక్కలు రైతుకేనా? పట్నాల్లో ట్యాంకర్లతో నీళ్లు అమ్ముకునేవాళ్లకు, అపార్టుమెంటు బోర్లకు ఎవరు లెక్కలు వేస్తారు? మా చీనీ తోటలు నరికి పొయ్యిలోకి పెట్టుకున్న రోజులు చూశాం. అప్పుడు ఎవరూ కాలిక్యులేటరు తీయలేదు.

భూగర్భజలం_రిటైర్డ్
మీ కోపంలో న్యాయం ఉంది. వాళ్లకూ లెక్క ఉండాలి. కానీ మన దేశంలో తోడే భూగర్భజలంలో చాలా పెద్ద వాటా సాగుకే పోతుంది, దాన్ని పక్కన పెట్టి మాట్లాడలేం. ఒక ప్రాంతంలో ఏటా ఊరే నీళ్లలో 70 శాతం దాటి తోడితే గడ్డు పరిస్థితి మొదలైనట్టు, 90 దాటితే ప్రమాదం, 100 దాటితే అతిగా తోడినట్టు అని కేంద్ర భూగర్భజల మండలి వర్గీకరణ. నూరు దాటిన చోట తోడేది ఈ ఏటి వాన కాదు, వెనకటి నిల్వ.

కరెంటు_సుబ్బు
వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) 2002 నుంచీ ఉంది కదా. బోరు వేయాలంటే అనుమతి కావాలి, తాగునీటి బావికి 250 మీటర్ల లోపు వేయకూడదు. ఎవరు అడుగుతున్నారు? 2004 నుంచి కరెంటు ఉచితం. నేను దానికి వ్యతిరేకం కాదు, అది లేకుంటే మెట్ట రైతు ఎప్పుడో చేతులెత్తేసేవాడు. కానీ ఆటో స్టార్టర్ల సంగతి చెప్పాలి. రైతు ఇంట్లో అన్నం తింటుంటాడు, చేలో కరెంటు వచ్చిన క్షణంలో మోటరు దానంతటదే లేస్తుంది. ఒకే ఫీడరు (కరెంటు లైను) మీద ఉన్న మోటర్లన్నీ ఒకేసారి. ట్రాన్స్‌ఫార్మర్ కాలేది అక్కడే, నీటిమట్టం ధబేలున పడేదీ అక్కడే. నీళ్లు అవసరమా లేదా అన్న ప్రశ్నే ఉండదు.

హగరి_ఒడ్డు
కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలిస్తే ఆటో స్టార్టరు ఎవడు పెడతాడన్నా. అర్ధరాత్రి చేలోకి పోయి పాము కాటుకు చచ్చినవాళ్లు మా ఊర్లో ఉన్నారు.

కరెంటు_సుబ్బు
అదీ నిజమే. పగలు, చెప్పిన టైముకు ఇస్తే సగం గొడవ ఉండదు. ఇచ్చిన చోట రైతులే వంతులు వేసుకోవడం చూశాను.

నీటిలెక్క_లక్ష్మి
పైన సార్ వేసిన లెక్క మా ఊర్లో మేమే వేసేవాళ్లం. 2003లో ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్యం అని ఒక పథకం మొదలైంది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. ఎవరూ "ఇది వేయొద్దు, అది వేయొద్దు" అని చెప్పలేదు. వానమాపకం పెట్టించారు, కొన్ని బోర్లను ఎంచుకుని నీటిమట్టం కొలవడం నేర్పారు. మా అమ్మ టేపు పట్టుకుని పోయేది. తెల్లారి, కరెంటు రాకముందు కొలవాలి, లేకుంటే మట్టం తప్పు చూపిస్తుంది. ఆ అంకెలు ఊరి మధ్య గోడ మీద రాసేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని ఈ ఏడు ఎంత ఊరింది, ఎవరెవరు ఏం వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత కావాలి అని తీసేవాళ్లు. కావాల్సింది ఉన్నదానికంటే ఎక్కువ వస్తే అది గోడ మీదే కనిపించేది. ఒకరు వరి మానుకుని పెసలు వేసేవాళ్లు, ఇంకొకరు సగమే వేసేవాళ్లు.

మరువ_పారితే
ఒప్పుకోనివాళ్లు?

నీటిలెక్క_లక్ష్మి
ఉండేవాళ్లు, బలవంతం లేదు. కానీ గోడ మీద తన పేరు పక్కన అంత పెద్ద అంకె ఉన్నప్పుడు రచ్చబండ దగ్గర కూర్చోవడం కష్టం కదన్నా. పథకం అయిపోయాక కొలిచేవాళ్లు తగ్గిపోయారు. నాకు అదే బాధ. ఆ గోడకు సున్నం వేసేశారు.

పాలమూరు_పిల్లగాడు
మహారాష్ట్రలో హివ్రే బజార్ కూడా ఇట్లనే కదా. సాగుకు బోర్లే వద్దనుకున్నరు, చెరకు, అరటి వద్దనుకున్నరు. ఏటా వాన లెక్క చూసి పంట ఖాయం చేసుకుంటరు. ఆ ఊరి సర్పంచ్‌గా చేసిన పోపట్‌రావ్ పవార్‌కు పద్మశ్రీ కూడా వచ్చింది.

హగరి_ఒడ్డు
అది చిన్న ఊరు, ఒక మంచి సర్పంచి దొరికాడు. మాకు ఎలక్షన్ అయ్యేసరికి ఊరు రెండుగా చీలిపోతుంది. ఒక పార్టీ వాళ్ల బోరు గురించి ఇంకో పార్టీ వాళ్లు మాట్లాడితే తలలు పగులుతాయి.

పాలమూరు_పిల్లగాడు
మాకు చెరువు వల్ల తేడా వచ్చింది. 2015ల మిషన్ కాకతీయ కింద మా చెరువు పూడిక తీసిండ్రు. ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతోని మా చేన్లకే తోలుకున్నం, రెండు పంటలు యూరియా తక్కువ పట్టింది. చెరువు నిండిన ఏడు కట్ట కింద బోర్లన్నీ లేచినయ్. ముదిగుబ్బ అన్నా, మీ చెరువు సంగతి ఏంది? తూము పనిచేస్తదా? పై కాలువలు తెరిచి ఉన్నయా?

ముదిగుబ్బ_చీనీ
చెరువు ఉంది. నీళ్లొచ్చే వంక మధ్యలో రెండు మూడు చోట్ల దున్నేశారు. కట్ట మీద తుమ్మ చెట్లు. చెరువు నిండి మరువ పారింది నా చిన్నప్పుడు చూశాను, మళ్లీ ఈ మధ్య పెద్ద వానలకు ఒకసారి.

సీమ_టీచరు
చెరువు మాటొచ్చింది కాబట్టి. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో రాసిపెట్టారు. దోషాల్లో ఒకటి, నీళ్లు తక్కువ ఉండి సాగు నేల ఎక్కువ ఉండడం. ఇంకొకటి, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం.

దివిసీమ_దాసు
ఆ రెండో దోషం కృష్ణా నదికి పూర్తిగా పట్టింది మాస్టారూ.

పెన్నా_పాప
పెన్నాకు కూడా. పైన కర్ణాటకలో పుట్టి మా దగ్గరికి వచ్చేసరికి ఇసుక తప్ప ఏమీ మిగలదు. ఇప్పుడు ఆ ఇసుకా ఉండడం లేదు. మా ఏటి ఒడ్డున తలపరిగెలు ఉండేవి. ఇసుకలో ఊరిన నీళ్లు కాలువ కట్టి చేలకు పారించుకునేవాళ్లు, మోటరు లేదు, కరెంటు లేదు. ఇసుకను లారీలకెత్తాక ఏరు గట్టి నేలకు దిగిపోయింది, ఊట ఆగిపోయింది, ఒడ్డునున్న బావులు ఎండాయి. వాన ఎక్కువ పడిన ఏడాది కూడా నీళ్లు వచ్చినంత వేగంగా పోతాయి. వరద వచ్చినప్పుడు పట్టుకుని, ఏడాదంతా ఒడ్డు బావులకు వదిలేది ఆ ఇసుకే. బోర్ల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం, ఇసుక గురించి ఒక్కరూ అనలేదే అని రాస్తున్నా.

భూగర్భజలం_రిటైర్డ్
చాలా ముఖ్యమైన మాట. ఏరు, బావి, చెరువు వేరువేరు శాఖల కింద ఉన్నాయి కానీ నీళ్లు ఒకటే. ఇసుక తీసే చోట పక్క బావుల మట్టాలు కూడా చూడాలి.

మరువ_పారితే
అసలు మందు హంద్రీ-నీవా. దాని గురించి ఎవరూ రాయరేం? శ్రీశైలం వెనక నీళ్లు మాల్యాల దగ్గర ఎత్తిపోసి, 40 టీఎంసీలు, ఆరు లక్షల ఎకరాలు అన్నారు. నాకు అడిగితే ఆరు లక్షల ఎకరాలకు పిల్లకాలువలు తవ్వే బదులు ముందు ప్రతి చెరువునూ నింపాలి. చెరువు నిండితే దాని కిందున్న బోర్లన్నీ బతుకుతాయి, డ్రిప్పు మీద తోటలు నిలబడతాయి. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. పైన సార్ లెక్క ప్రకారం ఎన్ని తోటలు బతుకుతాయో మీరే చూసుకోండి.

దివిసీమ_దాసు
ఆ 40 టీఎంసీలు మిగులు జలాల మీద పెట్టుకున్న ఆశ అని గుర్తుపెట్టుకోవాలి. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీల్లో హంద్రీ-నీవా లేదు. వరద వచ్చిన ఏడు వస్తాయి, రానప్పుడు రావు. మా డెల్టా వాళ్లను "మీరు మూడు పంటలు తింటున్నారు" అంటారు, ఒకసారి మా చివరి ఊళ్లకు వచ్చి చూడండి. కాలువ ఆలస్యమైతే బోర్లు తోడతాం, తోడితే ఉప్పు నీళ్లు లోపలికి వస్తాయి. నాగాయలంక, కోడూరు వైపు తియ్యటి నీళ్లు పై పొరలో పల్చగా ఉంటాయి, కింద అంతా ఉప్పే. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తియ్యబడడం మేం చూడలేదు. నది సముద్రం దాకా కొంతైనా పారాలి. అది వృథా కాదు.

మరువ_పారితే
పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి కదా మీకు. ఏటా 80 టీఎంసీలు డెల్టాకు మళ్లించి, ఆ మేరకు కృష్ణా నీళ్లు శ్రీశైలంలో మాకు ఉంచాలనే కదా కట్టింది.

దివిసీమ_దాసు
ఉంచాలనే మేమూ అంటున్నాం. మీకు ఇవ్వొద్దని నేను ఎక్కడ అన్నాను? ఉన్న జలాశయాలే పూడిపోతున్నాయి, ముందు అది చూడండి. శ్రీశైలం 308 టీఎంసీలతో మొదలై 215కు వచ్చింది. మీ తుంగభద్ర 133 నుంచి 105కు. దానికి తోడు 2024 ఆగస్టు 10 రాత్రి పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. కొత్తవి కట్టడానికి ఉన్న ఉత్సాహం ఉన్నవాటి నిర్వహణ మీద లేదు.

పెన్నా_పాప
ఆ రాత్రి మా నాయన నిద్రపోలేదు. తుంగభద్ర ఎగువ కాలువ కింద నారు పోసుకుని కూర్చున్న ఊరు మాది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు వచ్చి పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ (తాత్కాలిక) గేటు దించేదాకా అందరి ప్రాణం గుప్పిట్లోనే.

కరెంటు_సుబ్బు
హంద్రీ-నీవా రెండో దశకు సిమెంటు లైనింగ్ మీద మీరేమంటారు? 2025లో మా వైపు పెద్ద గొడవే అయింది.

మరువ_పారితే
లైనింగ్ వద్దు. కాలువ పారినన్నాళ్లు పక్కన కిలోమీటరు మేర బోర్లు లేచాయి. సిమెంటు వేస్తే ఆ ఊట పోతుంది.

చిత్తూరు_చివర
మేం కాలువకు చిట్టచివర ఉన్నాం. మీ దగ్గర ఇంకిపోయిన నీళ్లు మా దాకా రావు. మట్టి కాలువలో పూడిక, పిచ్చిచెట్లు, మధ్యలో మోటర్లు. మాకు నీళ్లు రావాలంటే లైనింగ్ కావాలి. మీ బోర్ల కోసం మా చెరువులు ఎండాలా?

మరువ_పారితే
మీకు రావొద్దని కాదన్నా. లైనింగ్ వేసే చోట కాలువ పక్క చెరువులన్నిటికీ తూములు పెట్టి నింపాలి, ఆ లెక్క కాగితం మీద రాసివ్వాలి. అది ముందు, సిమెంటు తర్వాత.

చిత్తూరు_చివర
దానికైతే నేనూ సంతకం పెడతా.

ఫ్రెస్నో_తెలుగు
నేను ఉండేది కాలిఫోర్నియా లోయలో, చుట్టూ బాదం తోటలే. ఇక్కడ కూడా ఇదే పోటీ జరిగింది. ఒకరు లోతుకు పోతే పక్కవాళ్లు ఇంకా లోతుకు. తోడి తోడి చాలాచోట్ల నేలే కుంగిపోయింది, కాలువలు వంగిపోయాయి. కరువులో ఉండగా 2014లో చట్టం తెచ్చారు. ఒత్తిడి ఎక్కువున్న ప్రతి బేసిన్‌కు (ఒకే భూగర్భజలం ఉన్న ప్రాంతానికి) స్థానిక సంస్థ, వాళ్లే ప్రణాళిక వేసుకోవాలి, మరీ అతిగా తోడిన చోట్ల 2040కల్లా తోడేదీ ఊరేదీ సమానం కావాలి. కొన్నిచోట్ల రైతులు తోటలు పీకేస్తున్నారు. గడువు అంత దూరం ఇచ్చినా గొడవలు తప్పలేదు. వరద వచ్చిన ఏడు తోటల్లోకే నీళ్లు వదిలి ఇంకించడం మాత్రం ఇక్కడ నాకు నచ్చింది.

హగరి_ఒడ్డు
మాకు వరద వస్తే మేం కూడా వదిలి చూపిస్తాం.

బోరుబండి_పాతమనిషి
అందరూ నదులు, దేశాలు తిరుగుతున్నారు. పిల్లవాడి తోట సంగతి చూడండయ్యా.

చీనీ_అక్క
నేను చెబుతా. మాదీ చీనీయే. ఈ ఎండాకాలం కాపు మీద ఆశ పెట్టుకోకుండా చెట్టును బతికించుకో తమ్ముడూ. కాయ ఉంటే చెట్టు నీళ్లు ఎక్కువ అడుగుతుంది, సగం పైన రాల్చెయ్. ఎండుకొమ్మలు కత్తిరించు. పాదుల్లో వేరుశనగ పొట్టు గాని, ఎండుగడ్డి గాని మందంగా పరుచు, మొదలుకు తగలకుండా. డ్రిప్పర్లు మూసుకుపోయాయేమో ఒక్కో చెట్టు దగ్గర వంగి చూడు. మా తోటలో ఒక వరస మొత్తానికి ఉప్పు పట్టి నీళ్లే రావడం లేదు, పైపు చూస్తే తడిగానే ఉంది. యాసిడ్ పెట్టి కడిగాక ఆ వరస తేరుకుంది. నాలుగెకరాలకూ కొంచెం కొంచెం ఇచ్చి అన్నీ పోగొట్టుకోవడం కంటే బాగున్న రెండెకరాలు ఖాయంగా నిలుపుకోవడం మేలు.

ముదిగుబ్బ_చీనీ
కాయ రాల్చడానికి నాయన ఒప్పుకోవడం కష్టమక్కా. కానీ చెబుతా. డ్రిప్పర్లు సగం దాకా చూశాను, నువ్వు చెప్పినట్టే తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

నీటిలెక్క_లక్ష్మి
పక్క చేను ఆయనకు ఏం పంట?

ముదిగుబ్బ_చీనీ
టమోటా, కొంచెం వరి. ఆయన పాత బోరు ఇప్పటికీ బాగానే పోస్తుంది. టమోటా పెంచుదామని కొత్త బోరు.

నీటిలెక్క_లక్ష్మి
అయితే ఆయనతో కూర్చోండి. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు కొన్ని ఊళ్లలో బోరున్న రైతులు, లేని రైతులు కలిసి పైపులైను వేసుకుని నీళ్లు పంచుకున్నారు. షరతు ఏమిటంటే ఆ పొలాల్లో ఎవరూ కొత్త బోరు వేయకూడదు, బోరు కింద వరి వేయకూడదు. దానికి బదులుగా అందరి మెట్ట పంటకు వాన ఆగినప్పుడు ఒకటి రెండు తడులు ఖాయం. బోరున్నవాడికి ఏం లాభం అంటారా, తన బోరు పక్కన ఇంకో నాలుగు బోర్లు పడవు, అదే లాభం. మీ నాయన అప్పు, ఆయన అప్పు రెండూ మిగులుతాయి. అందులో కొంత పైపుకు పెట్టండి.

హగరి_ఒడ్డు
మాట మీద నమ్మొద్దు. స్టాంపు కాగితం మీద రాసుకోండి. ఎవరికి ఏ రోజు, ఎన్ని గంటలు, మోటరు కాలితే ఎవరి వాటా ఎంత. అన్నదమ్ములే నీళ్ల దగ్గర కొట్టుకుంటారు.

భూగర్భజలం_రిటైర్డ్
రాసుకునే ముందు రెండు బోర్ల నీటిమట్టమూ కొలవండి. మోటరు పైపు పక్కన సన్న పైపు ఒకటి దించి ఉంటే సులువు. గుర్తులు పెట్టిన తాడుకు బోర్లించిన చిన్న ఇనుప గిన్నె కట్టి వదిలితే నీటికి తగలగానే టప్‌మని వినిపిస్తుంది. ఉదయం, మోటర్లు వేయకముందు. తర్వాత ఒకరి మోటరు వేసి, రెండో బోరులో మట్టం పడుతుందేమో చూడండి. పడితే మీ ఇద్దరివీ ఒకే బీట మీద ఉన్నాయని ఆయన కళ్లతోనే చూస్తాడు, నేను చెప్పేదానికంటే అది బలంగా పనిచేస్తుంది.

ముదిగుబ్బ_చీనీ
నిన్న సాయంత్రం ఇద్దరమూ కలిసి కొలిచాం సార్. ఉదయం కరెంటు లేదు కాబట్టి అప్పటిదాకా ఏ మోటరూ నడవలేదు. ఆయన మోటరు గంట నడిచేసరికి మా బోరులో మట్టం బాగా కిందికి పోయింది. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. బండి వాళ్లకు ఫోన్ చేసి ఇప్పుడే రావొద్దన్నాడు. పూర్తిగా మానుకోలేదు, ఈ పంట అయ్యేదాకా చూద్దాం అన్నాడు. వరి మాత్రం ఈసారి వేయనన్నాడు. నాయన కూడా అప్పు ఆపాడు. కాయ రాల్చడం గురించి ఇంకా మాట్లాడటం లేదు. పైపు వేస్తే ఆయన బోరు నుంచి మా తోట మొదటి వరసకు 400 మీటర్ల దూరం. ఏ సైజు పెట్టాలి?

కరెంటు_సుబ్బు
63 ఎం.ఎం. పెడితే అంత దూరానికి ఒత్తిడి పడిపోవచ్చు, చివరి చెట్లకు డ్రిప్పు సరిగా అందకపోవచ్చు. 75 పెట్టండి. వాల్వు మీ వైపు ఒకటి, ఆయన వైపు ఒకటి.

చీనీ_అక్క
కాయ సంగతి నాయనతో నేను మాట్లాడతా, నంబరు మెసేజ్ చెయ్.

పాలమూరు_పిల్లగాడు
చెరువుకొచ్చే వంక దున్నినోళ్లతోని కూడా మాట్లాడున్రి అన్నా. వానలు పడేలోపు అది తెరవకుంటే ఈ ఏడు కూడా చెరువు నిండదు.

ముదిగుబ్బ_చీనీ
అందులో ఒకాయన మా మేనమామే. ఆదివారం పోతున్నా.